‘బాడీ అండ్ సోల్’: హాకిన్స్ రికార్డా, కోల్ట్రేన్ రికార్డా, ఏది మేలు?

జానీ గ్రీన్ బాణీ కట్టిన ‘బాడీ అండ్ సోల్’ను 1930లో బ్రాడ్‌వే వేదిక మీద లిబ్బీ హోల్మన్ పాడారు. ముప్ఫై రెండు బార్ల (తాళపు ఆవర్తనాల) ఈ చిన్న పాట జాజ్ కళాకారులను అంతగా పట్టుకోవడానికి కారణం దాని మధ్యభాగమే. అక్కడ ఆధారశ్రుతే అర మెట్టు పైకి జరిగి, ఆ తరువాత మరింత కిందికి దిగి, చివరకు మొదలైన చోటికే చేరుకుంటుంది. ఆ మలుపులో ఎవరు ఎలా నడుస్తారన్నదే అసలు పరీక్ష.

కోల్మన్ హాకిన్స్ ఐదేళ్లు ఐరోపాలో గడిపి న్యూయార్క్ తిరిగివచ్చి, 1939 అక్టోబరు 11న టెనర్ సాక్సోఫోన్ మీద దీనిని రికార్డు చేశారు. మొదటి కొన్ని బార్లలో మాత్రమే అసలు బాణీ లీలగా వినిపిస్తుంది. పాటను మొదలు నుంచి చివరి దాకా రెండు చుట్లు వాయించే ఆ సుమారు మూడు నిమిషాల్లో మిగిలినదంతా ఆయన మనోధర్మమే. బాణీని దాదాపు వదిలేసిన ఈ రికార్డును సామాన్య శ్రోతలు సైతం ఆదరించారంటే, పాట అందులో మాయం కాలేదన్నమాట.

మరో టెనర్ సాక్సోఫోన్ కళాకారుడు జాన్ కోల్ట్రేన్ 1960 అక్టోబరులో చేసిన రికార్డు, 1964లో ‘కోల్ట్రేన్స్ సౌండ్’ ఆల్బమ్‌లో వెలువడింది. కఠినమైన సంగీతకారుడని పేరుపడిన కోల్ట్రేన్ బాణీని స్పష్టంగా వాయిస్తారు, దానిని అందరికన్నా సులువుగా విడిచిపెట్టినవారు హాకిన్స్. ఈ విషయం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. కోల్ట్రేన్ మార్చినది బాణీ కింద ఉన్న నేలను: మెకాయ్ టైనర్ పియానో ఒకే ఊపును మళ్లీ మళ్లీ పలికిస్తుంది, మధ్యభాగంలో కోల్ట్రేన్ సొంత రచన ‘జెయింట్ స్టెప్స్’లోలాగా వేగంగా మారే స్వరసమూహాలు (కార్డ్స్) వచ్చి చేరతాయి.

కోల్ట్రేన్ వద్ద బాణీ స్పష్టంగా వినిపిస్తుంది కనుక, పాట తెలియని శ్రోత మొదట గాయని బిల్లీ హాలిడే 1940లో పాడిన రికార్డు విని, మాటల్లోని వేదనను తెలుసుకుని, తరువాత కోల్ట్రేన్ వద్దకు వెళ్లడం మంచిది. అయితే రెండు వాద్య రికార్డుల్లో ఒక్కటే ఎంచుకోవాలంటే నేను హాకిన్స్‌నే ఎంచుకుంటాను. గ్రామఫోను రికార్డు ఒక పక్కకు పట్టే కాలంలోనే, తొందర కనిపించనీయకుండా, మెత్తగా మొదలైన నాదాన్ని అంచెలంచెలుగా పెంచుకుంటూ రెండో చుట్టు చివర శిఖరానికి చేర్చి, వెంటనే నెమ్మదిగా దింపుతారు. కోల్ట్రేన్ రికార్డులో ఆలోచన గొప్పది, కానీ హాకిన్స్ రికార్డులో ఊపిరి సైతం వినిపిస్తుంది.