వంటింటి కాటా, ఒక మి.లీ. సిరంజి: జబ్బుపడ్డ పిల్లిపిల్లతో 16 నెలల అనుభవం

2023 డిసెంబరు రెండో వారంలో, నాలుగు రోజుల సెలైన్ తరువాత, మా పిల్లిపిల్ల రవ్వను క్లినిక్ నుంచి విజయవాడలోని మా ఇంటికి తెచ్చుకున్నాము. అది మా ఇంటికి వచ్చి అప్పటికి పట్టుమని పది రోజులు కూడా కాలేదు, అందులోనూ సగం క్లినిక్‌లోనే గడిచాయి. వయసు దాదాపు పది వారాలు, బరువు 540 గ్రాములు. ఆ వయసుకు కిలోకు కాస్త అటూ ఇటూగా ఉండవలసినది. జబ్బు పేరు ప్యాన్‌ల్యూకోపీనియా. కుక్కపిల్లలకు వచ్చే పార్వోకు దగ్గరి చుట్టమైన ఈ వైరస్ పేగుల లోపలి పొరనూ ఎముక మజ్జనూ ఒకేసారి దెబ్బతీస్తుంది కనుక, ఒకపక్క వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరంతా పోతుంటే, మరోపక్క తెల్లరక్తకణాలు పడిపోతూ ఉంటాయి. వైరస్ మీద నేరుగా వాడే మందేదీ క్లినిక్‌లో ఇవ్వలేదు. సెలైన్, వాంతి ఆగే మందు, యాంటీబయాటిక్ ఇస్తూ, శరీరం తనంతట తాను తేరుకునే దాకా ప్రాణాన్ని నిలబెట్టడమే అక్కడ జరిగిన వైద్యం. డిశ్చార్జ్ కాగితం చేతికిస్తూ డాక్టరు గారు, “మేము చేయగలిగింది అయిందమ్మా, ఇక మిగిలింది మీ ఇంట్లోనే జరగాలి” అన్నారు.

ఆ మిగిలిన దానికోసం కొన్నవి, ఇంట్లోంచి వెతికి తీసినవి, వాడి పారేసినవి, నేటికీ వాడుతున్నవి ఎలా పనిచేశాయో చెప్పడానికే ఈ సమీక్ష. నా తీర్పు ముందే చెబుతాను. అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడింది మందుల దుకాణంలో దొరికింది కాదు, పెంపుడు జంతువుల దుకాణంలో దొరికింది కాదు. కేకు పిండి తూచుకోవడానికి ఎప్పుడో కొని అటక మీద పడేసిన, అయిదు కిలోల దాకా గ్రాము తేడాతో తూచే, రెండు పెన్సిల్ సెల్లుల డిజిటల్ కాటా.

దీని విలువ నాకు మూడో రోజు ఉదయం తెలిసింది. అంతకుముందు రాత్రి రవ్వ తల ఎత్తి చూసింది, ఒకసారి మూతి నాక్కుంది. అమ్మా నేనూ సంబరపడిపోయి ఫోటోలు తీసి చుట్టాలందరికీ పంపాము. తెల్లవారి కాటా మీద పెడితే 526 వచ్చింది. వచ్చిన రోజు సాయంత్రం 540, మరునాడు ఉదయం 533, ఇప్పుడు 526. “ముఖం తేటగానే ఉంది కదే, ఆ మెషీనే తప్పు చూపిస్తోందేమో” అని అమ్మ అంది. నాకూ అలాగే అనుకోవాలనిపించింది. అయినా ఆ మూడు అంకెలూ ఫోన్లో చదివి వినిపించగానే డాక్టరు గారు వెంటనే తీసుకురమ్మన్నారు. మెడ వెనుక చర్మాన్ని గుడారంలా పైకి పట్టుకుని, దాని కింద 40 మి.లీ. సెలైన్ ఎక్కించారు. భుజాల మధ్య ఒంటె మూపురంలా లేచిన ఆ ఉబ్బు మధ్యాహ్నానికి ముందరి కాలి దగ్గరకు జారి, రాత్రికి కరిగిపోయింది. అంకె చూడకపోయి ఉంటే, ఆ తేట ముఖాన్ని నమ్ముకుని ఇంకొక రోజు ఇంట్లోనే కూర్చునేవాళ్లం. పద్నాలుగు గ్రాములు మన కంటికి ఆనవు; అరకిలో ఉన్న ప్రాణికి మాత్రం అది చాలా పెద్ద లెక్క.

అయితే కాటా కూడా ఒక్కోసారి మోసం చేస్తుంది. సెలైన్ ఎక్కించి తెచ్చిన సాయంత్రం 568 చూపించింది. అది ఒంట్లో చేరిన కండ కాదు, చర్మం కింద నిలిచిన నీరు. మరుసటి ఉదయం 535కు దిగినప్పుడు మళ్లీ గుండె జారింది కానీ, 526తో పోల్చుకోవలసింది ఆ 535నే అని అర్థం కావడానికి నాకు కొంత సమయం పట్టింది. ఆ తరువాత ఒక పద్ధతి పెట్టుకున్నాను. రోజూ ఉదయం ఆరు గంటలకు, మొదటి మేతకు ముందు, అదే ప్లాస్టిక్ బుట్టలో అదే పాత తువ్వాలు వేసి, సున్నా చేసి, అప్పుడే తూచేదాన్ని. ఫ్యాను ఆపి తూచడం మరవకూడదు. బెజవాడలో డిసెంబరులోనూ ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, ఆ గాలికి బుట్ట కదిలి అంకె నాలుగైదు గ్రాములు అటూ ఇటూ ఊగుతుంది. సెల్లులు అయిపోయే ముందు ఈ కాటా చెప్పాపెట్టకుండా తప్పు చూపిస్తుంది. అందుకని వారానికోసారి విప్పని కిలో ఉప్పు ప్యాకెట్టును పెట్టి సరిచూసుకునేదాన్ని. రెండు నిమిషాలు ముట్టుకోకపోతే తనంతట తానే ఆరిపోవడం దీనిలో నాకు ఇప్పటికీ నచ్చని గుణం. పిల్లిని బుట్టలో కుదురుగా కూర్చోబెట్టేలోపే ఆరిపోయి, అంతా మొదటికి తెస్తుంది.

రెండో స్థానం ఒక మి.లీ. సిరంజికి ఇస్తాను. వాంతి ఆగే సిరపు డాక్టరు గారు 0.3 మి.లీ. అని రాశారు. కార్బన్ ప్రతిలో చుక్క సరిగా పడలేదు, సున్నా సగం చెరిగింది. రాత్రి పదకొండింటికి నిద్రకళ్లతో చదివినప్పుడు అది 3 అనే కనిపించింది. సీసాతో వచ్చిన కొలత మూతలో మొదటి గీతే 2.5 మి.లీ. దగ్గర ఉండటంతో 3 అనేది సహజంగానే తోచింది. సిరపు మూతలోకి వంచిన తరువాత, అరకిలో ప్రాణికి ఇంతా అని అనుమానం వచ్చి ఫోన్ చేశాను కనుక సరిపోయింది. మర్నాడు మందుల షాపులో ఒక మి.లీ. సిరంజి అడిగితే ఎర్రమూత ఇన్సులిన్ సిరంజి ఇచ్చారు. దాని మీద ఉండేవి మి.లీ. గీతలు కావు, యూనిట్లు. మొత్తం 40 యూనిట్లు కలిస్తే ఒక మి.లీ., అంటే 0.3 మి.లీ. కావాలంటే 12 దగ్గర ఆపాలి. పైగా చాలావాటికి సూది ఊడిరాదు. అడగవలసింది ట్యూబర్‌క్యులిన్ సిరంజి అని. దాని మీద 0.1, 0.2 అని మి.లీ. గీతలే ఉంటాయి. ఈ ఒక్క పేరు తెలియక నాకు రెండు పర్యాయాలు షాపు చుట్టూ తిరగడమైంది.

మేతకు 5 మి.లీ. సిరంజి వాడాము. కడిగి వాడితే నాలుగైదు రోజులకే లోపలి రబ్బరు బిగుసుకుపోయి, నొక్కినప్పుడు ముందు కదలదు, తరువాత ఒక్కసారిగా చిమ్ముతుంది. ఒకసారి అలా చిమ్మి రవ్వకు పొలమారి, దగ్గి దగ్గి నీరసపడిపోయింది. మేత ఊపిరితిత్తుల్లోకి వెళితే న్యుమోనియా వస్తుందని డాక్టరు గారు ముందే హెచ్చరించి ఉన్నారు కనుక, ఆ రాత్రంతా దాని ఊపిరి వింటూ కూర్చున్నాను. సిరంజి మూడు రోజులకొకటి మార్చాలి. పొదుపు చేయవలసిన చోటు ఇది కాదు. పిల్లను పసిబిడ్డలా వెల్లకిలా పడుకోబెట్టకుండా, నాలుగు కాళ్ల మీదే ఉంచి, నోటి పక్కనుంచి చెంపలోకి కొద్దికొద్దిగా వదిలి, అది మింగిందని చూసుకున్నాకే మళ్లీ నొక్కాలి.

ఏమి పెట్టాలన్నదాని మీద మా ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. అమ్మకు పాలు పట్టనిదే మనసు ఒప్పలేదు, ఎదురింటి పిన్నిగారు పెరుగన్నం మెత్తగా పిసికి తెచ్చారు. ఆవుపాలలోని లాక్టోజ్ చాలా పిల్లులకు అరగదు, అసలే పేగులు దెబ్బతిన్న పిల్లకు మళ్లీ విరేచనాలు పట్టుకుంటాయి. డాక్టరు గారు రాసిన రాయల్ క్యానిన్ రికవరీ అనే పిల్లి మేత డబ్బా ఖరీదు ఎక్కువే కానీ, గోరువెచ్చని నీళ్లతో జారుగా కలిపితే సిరంజిలో అడ్డుపడకుండా దిగుతుంది. మెత్తదనం విషయంలో దీనికి వంక పెట్టలేను. డబ్బా తెరిస్తే త్వరగా వాడేయాలి, మా రవ్వకు పూటకు ఐదారు మి.లీ. కంటే పట్టేది కాదు. అందుకని మిగిలినది ఐసు ట్రేలో వేసి గడ్డకట్టించి, పూటకొక ముక్క వేడినీళ్ల గిన్నెలో పెట్టి కరిగించాము. రెండో వారంలో ఉడికించిన కోడిమాంసం మొదలుపెట్టినప్పుడు, “అల్లం వెల్లుల్లి లేకుండా అది ఎలా తింటుందే పాపం” అని అమ్మ బాధపడింది. ఉల్లి, వెల్లుల్లి పిల్లుల రక్తకణాలను పాడుచేస్తాయని చెప్పి ఆ గరిటె లాక్కోవలసి వచ్చింది.

పిన్నిగారి మంచితనం ఇంకోసారి కూడా నన్ను భయపెట్టింది. రవ్వ ఒళ్లు వెచ్చగా ఉందని మనవడికి వేసే పారాసెటమాల్ చుక్కలు తెచ్చారు. పిల్లుల కాలేయం ఆ మందును విరగ్గొట్టలేదు. చిన్న మోతాదే ప్రాణం తీస్తుంది. ఇంట్లో జబ్బుపిల్లి ఉన్నంతకాలం ఆ సీసా కంటికి కనబడని చోట ఉండటం మేలు.

వేడి కోసం రెండు వస్తువులు ప్రయత్నించాము. కరెంటుతో వేడెక్కే జెల్ సంచి రెండో రోజే కుట్టు దగ్గర కారింది. కారకపోయినా, పక్కకు జరిగే ఓపిక లేని పిల్ల కింద అంత వేడి పెట్టడం ప్రమాదమే. పాతకాలపు రబ్బరు వేడినీళ్ల సంచిని రెండు మడతల తువ్వాలులో చుట్టి, అట్టపెట్టెలో ఒక సగంలోనే పెట్టి, రెండో సగం ఖాళీగా వదిలితే, వేడెక్కువైనప్పుడు అదే జరిగి పడుకుంటుంది. మూడు గంటలకొకసారి నీళ్లు మార్చాలి, ఎలాగూ మేతకు లేస్తాము కనుక ఇబ్బంది లేదు. రెండో రాత్రి మూడు గంటలకు థర్మామీటరు 98.2 చూపించింది, పిల్లిపిల్లకు సుమారు 100.5 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ ఉండాలి. ఆకలితో పడిపోతోందేమోనని మేత పట్టబోయాను. చల్లబడిన పిల్లకు కడుపు పనిచేయదనీ, ముందు వెచ్చబరచి తరువాతే పెట్టాలనీ డిశ్చార్జ్ కాగితం అడుగున రాసి ఉంది. గంటన్నర ఒళ్లో సంచితో పాటు పెట్టుకుని, నూరు దాటాక నాలుగు మి.లీ. పట్టాను. అది నిలిచింది.

శుభ్రత గురించి అమ్మ అలవాటు మార్చడమే కష్టమైంది. పూటపూటకూ ఫినాయిల్ వేసి తుడవడం మా ఇంటి పద్ధతి. ఫినాయిల్‌లోని ఫినాల్ రకం పదార్థాలు పిల్లులకు విషం. నేల మీద నడిచి పాదాలు నాక్కుంటే లోపలికే పోతుంది. శానిటైజర్ ఈ వైరస్ మీద పనిచేయదు, చేతులు సబ్బుతో రుద్ది కడగవలసిందే. వైరస్‌ను చంపేది బ్లీచ్. మురికిని ముందుగా కడిగేసి, ద్రవ బ్లీచ్ ఒక వంతుకు నీళ్లు 32 వంతులు, అంటే లీటరుకు సుమారు 30 మి.లీ. కలిపి, పది నిమిషాలు తడిగా ఉంచి, మళ్లీ మంచినీళ్లతో కడిగి ఆరబెట్టాలి. చవక, గాఢమైన వాసన, నా రెండు నైటీలు మచ్చలుపడి పాడయ్యాయి. అయినా దీనికి ప్రత్యామ్నాయం చూడలేదు. ఈ వైరస్ ఇంట్లో ఏడాది దాకా బతకగలదు కనుక, రవ్వ తోబుట్టువును కూడా తెచ్చుకోమని ఎవరెంత అడిగినా ఒప్పుకోలేదు.

మిగిలినవాటి గురించి రెండు ముక్కలు. పిల్లి మలమూత్రాల కోసం వేసే, తడికి గడ్డకట్టే బెంటొనైట్ మట్టి ఇసుక తడిసిన పాదాలకూ తోక కిందా సిమెంటులా పట్టుకుంది. మొదటి మూడు వారాలు చింపిన వార్తాపత్రికలే నయం, విరేచనం రంగు కూడా వాటి మీదే బాగా కనబడుతుంది. మెడకు వేసే గరాటు కాలరు దండగ, అది వేస్తే గిన్నెలో మూతి పట్టదు. చేదు యాంటీబయాటిక్ పొడి చేసి పట్టిన మొదటిసారి నోటి నిండా నురగ కక్కితే అమ్మ ఏడ్చేసింది. అది చేదుకు ఊరిన చొంగ మాత్రమే. అప్పటినుంచి పొడిని వేలి కొసంత రికవరీ ముద్దలో దాచాము.

పద్నాలుగో రోజు రవ్వ 690 గ్రాములు. తేరుకున్నాక డాక్టరు గారు చెప్పిన వ్యవధిలో టీకాలు పూర్తిచేయించాము. ఇప్పుడు 3.6 కిలోలు. మొదటి మూడు నెలలు రోజూ, తరువాత వారానికోసారి, ఇప్పుడు నెల మొదటి ఆదివారం తూస్తున్నాను. మొన్న మార్చిలో 150 గ్రాములు తగ్గినట్లు కనబడితే చూపించాము, చిగుళ్ల వాపు బయటపడింది. కాటా మీది ‘సున్నా’ మీట అచ్చు పూర్తిగా అరిగిపోయింది, ఎక్కడుందో వేలికే తెలుసు. పాత బుట్టలో రవ్వ సగమే పడుతోంది, వెనుక కాళ్లు బల్లకు ఆనుకుని తూకం తప్పు వస్తోంది. పెద్ద బుట్ట ఒకటి కొనాలి.