పదకొండేళ్లుగా తాగుతున్న పీపా ఏల్: ఫైన్ ఏల్స్ వారి జార్ల్

స్కాట్లండ్‌లోని గ్లాస్గోకు వచ్చిన మొదటి చలికాలంలో ఒక సహోద్యోగి నన్ను పాత పబ్బు ఒకదానికి తీసుకెళ్లి, పీపా నుంచి చేతిపంపుతో తోడిన బంగారు రంగు ఏల్ (ఒక రకం బీరు) నా ముందు పెట్టించాడు. ఒక గుక్క తాగి "ఇది చల్లగా లేదేమిటి?" అని అడిగాను. గ్లాసు మీద చెమట పట్టేంత చల్లని లాగర్ తప్ప మరో బీరు ఎరగని నోరు నాది. "సగం అయ్యాక చెప్పు" అన్నాడు. సగం కాకముందే పంపరపనస వాసన ముక్కుకు తగిలింది. పండు వాసన కాదు, తొక్క చీల్చినప్పుడు వేళ్లకు అంటుకునే నూనె ఉంటుందే, ఆ వాసన. చేదు కూడా ఆ పండుదే: తొనల మధ్య తెల్లటి పొర నాలుకకు తగిలితే ఎంత చేదో అంతే. గుక్క దిగిన తరువాత కాసేపు నిలిచి, మెల్లగా పోతుంది. ఆ రోజు మొదలైన ఇష్టం పదకొండేళ్లయినా తగ్గలేదు.

దాని పేరు జార్ల్. ఆర్గైల్ ప్రాంతంలో, లాక్ ఫైన్ అనే సముద్రపు పాయ మొదట్లో, కెయిర్న్‌డో ఊరి దగ్గర ఫైన్ ఏల్స్ వారు దీన్ని తయారుచేస్తారు. జానీ, టగ్గీ డెలాప్ దంపతులు 2001లో తమ పొలంలోని పాలు పితికే పాత కొట్టంలో ఈ బ్రూవరీ పెట్టారు. తరువాత కొడుకు జేమీ అందుకున్నాడు. జార్ల్‌లో బీరుకు చేదు, వాసన ఇచ్చే హాప్స్ పూలలో సిట్రా అనే ఒకే ఒక్క రకం వాడతారు. ఆల్కహాలు 3.8 శాతం. మన దగ్గర స్ట్రాంగ్ అని అమ్మే బీర్లలో 8 శాతం దాకా ఉంటుంది కదా, అందులో సగం కూడా లేదు. ఇంత తక్కువ ఘాటులో ఇంత రుచి నిలపడం చాలా కష్టం. ఘాటు తగ్గిన బీరు సాధారణంగా నీళ్లలా పలచబడుతుంది. ఇది పలచబడదు. నా దృష్టిలో ఈ ఏల్ గొప్పదనమంతా అక్కడే ఉంది. రెండు పైంట్లు (పైంటు అంటే అర లీటరు కన్నా కాస్త ఎక్కువ) తాగి, స్నేహితులతో రెండున్నర గంటలు మాట్లాడి, తల తేలికగా ఉండగానే ఇంటికి వెళ్లవచ్చు.

అయితే ఇదంతా పీపా నుంచి తోడిన జార్ల్ సంగతి. సీసాలో వచ్చేదీ తాగాను. చెడ్డది కాదు కానీ గ్యాసు ఎక్కువై, వాసన ముక్కును చేరకముందే బుడగలు నాలుకను కుట్టేస్తాయి. కల్లు తెలిసినవాళ్లకు ఈ తేడా వివరించనక్కర్లేదు. మాది నల్లగొండ జిల్లా. చెట్టు దిగిన వెంటనే లొట్టిలో ఉన్న కల్లు వేరు, అదే కల్లు సాయంత్రానికి వేరు. ఊరు దాటించి అమ్మితే అది ఇంకేదో అవుతుంది. పీపా ఏల్ కూడా అలాంటి ప్రాణమున్న పానీయమే.

బ్రూవరీ నుంచి బయలుదేరేటప్పటికి అందులో ఈస్ట్ ఇంకా పని చేస్తూనే ఉంటుంది. మామూలు పీపా 9 గాలన్లది, అంటే దాదాపు 41 లీటర్లు, 72 పైంట్లు. పబ్బు సెల్లార్‌లో దాన్ని అడ్డంగా పడుకోబెట్టి, పైన బిరడాలో సన్నని చెక్క మేకు దింపుతారు. మెత్తని చెక్క అయితే లోపలి గ్యాసు మెల్లగా బయటికి పోతుంది, గట్టి చెక్క దింపితే ఆగిపోతుంది. ఎప్పుడు ఏది దింపాలో తెలియడమే సెల్లార్ చూసే మనిషి విద్య. ఒకటి రెండు రోజుల్లో మడ్డి అడుగున పేరుకుని పైన తేట మిగులుతుంది. 11 నుంచి 13 డిగ్రీల మధ్య ఉంచాలి. నేను మొదటి రోజు ఫిర్యాదు చేసిన "చల్లగా లేకపోవడం" ఇదే, కావాలని ఉంచిన చల్లదనం. తోడుతున్న కొద్దీ పీపాలోకి గాలి చేరుతుంది కాబట్టి, తెరిచాక మూడు రోజుల్లో ఖాళీ చేయకపోతే రుచి పోతుంది. బ్రూవరీ పని ఎంత బాగున్నా మిగతా సగం పని పబ్బుదే.

ఆ సగం చెడితే ఎలా ఉంటుందో కూడా చూశాను. ఒక మంగళవారం మధ్యాహ్నం, జనం లేని ఒక పబ్బులో జార్ల్ అడిగాను. రంగు బాగానే ఉంది, గ్లాసు దగ్గరికి తీసుకుంటే పులిసిన వాసన. పీపా తెరిచి ఎన్నాళ్లయిందో! తిరిగి ఇవ్వడానికి మొహమాటపడ్డాను, చివరికి ఇచ్చాను. అక్కడి అమ్మాయి వాసన చూసి, మారుమాట లేకుండా పారబోసి వేరే పంపు నుంచి మరో ఏల్ పోసింది. ఇక్కడ అది మామూలే, ఎవరూ తప్పుగా అనుకోరు. అప్పటి నుంచి కొత్త చోట ముందు అరపైంటే అడుగుతాను. శుక్ర, శనివారాల్లో, పీపాలు గబగబా ఖాళీ అయ్యే పబ్బుల్లో తాగితే నిరాశపడే అవకాశం తక్కువ.

శాకాహారులకు ఒక మాట. పీపా ఏల్ త్వరగా తేటపడటానికి చేప తిత్తి నుంచి తీసిన పదార్థం కలపడం బ్రిటన్‌లో పాత అలవాటు. కలపకుండా కాస్త మసకగానే అమ్మేవాళ్లు ఇప్పుడు పెరిగారు. కాబట్టి తాగే ముందు పబ్బులో అడగండి, చెప్తారు.

వీళ్లదే హైలాండర్ అని మరొకటి ఉంది, 4.8 శాతం, ఎర్రని తేనె రంగు. స్కాట్లండ్ పాత ఏల్స్‌లో హాప్స్ కన్నా మాల్ట్‌దే (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) పైచేయి. 70 షిల్లింగ్, 80 షిల్లింగ్ అని పాతకాలపు పీపా ధరలతోనే వాటిని పిలిచేవారు, ఇప్పటికీ ఆ పేర్లు పంపుల మీద కనిపిస్తాయి. హైలాండర్ ఆ కుదురుకు దగ్గరిది. కాల్చిన బెల్లపు తీపి, చివర చిన్న చేదు. వానాకాలమంతా నేను దీనివైపే మొగ్గుతాను, కానీ నేను వెళ్లే పబ్బుల్లో జార్ల్ దొరికినంత తేలికగా ఇది దొరకదు.

దొరకనప్పుడు బ్రూవరీకే వెళ్తాను. అక్కడే వాళ్ల బార్ ఉంది. వాకిట్లో బల్లలు, చుట్టూ గ్లెన్ ఫైన్ కొండలు, వాళ్ల పొలంలోనే పెరిగే జూలు వేలాడే హైలాండ్ పశువులు. కారు ఉన్నా బస్సులోనే వెళ్తాను. 2014 డిసెంబరు నుంచి స్కాట్లండ్‌లో డ్రైవర్ల రక్తంలో ఆల్కహాలు పరిమితి 100 మిల్లీలీటర్లకు 50 మిల్లీగ్రాములు, ఇంగ్లండ్‌లో 80. ఒక్క పైంటు తాగినా స్టీరింగ్ ముట్టుకోకపోవడమే మేలు. గ్లాస్గో నుంచి క్యాంబెల్‌టౌన్ వెళ్లే బస్సు లాక్ లోమండ్ సరస్సు ఒడ్డు పట్టుకుని, ఆరొకర్ దాటి, రెస్ట్ అండ్ బి థాంక్‌ఫుల్ కనుమ ఎక్కి దిగుతుంది. ఆ కనుమలో కొండచరియలు విరిగిపడి దారి మూసేస్తుంటారు, బయలుదేరే ముందు ఒకసారి చూసుకోండి. తిరుగు బస్సు వేళ కూడా ముందే రాసుకోండి. ఆ బల్ల దగ్గర కూర్చున్నాక గడియారం వైపు చూడాలనిపించదు.