ఇంటికి నాస్ పెట్టె కొంటున్నారా? ఎస్‌ఎంబీ1 అనే పాత పద్ధతి దగ్గరే ఆగిపోయినవి అమ్ముతున్నారు, జాగ్రత్త

ఫోటోలు, వీడియోలు, ముఖ్యమైన కాగితాల స్కాన్లు అన్నీ ఒకేచోట పెట్టుకుని, ఇంట్లో ఏ కంప్యూటర్ నుంచైనా తెరుచుకుందామని నాస్ పెట్టె (రూటర్‌కి కలిపి వాడే డిస్క్ పెట్టె) కొనాలనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఇప్పటికే కొని, అది కనెక్ట్ కాక అవస్థ పడుతూ ఉంటే, రిటర్న్ గడువు ఎప్పటిదాకా ఉందో ముందు చూసుకుని తర్వాత ఇది చదవండి.

సూటిగా చెప్తాను. పెట్టె మీ కంప్యూటర్‌కి కనెక్ట్ కావడం లేదని ఫోన్ చేస్తే, అమ్మినవాళ్లు మీ కంప్యూటర్‌లో ఉన్న రక్షణ తీసేయమంటున్నారా? అయితే లోపం ఆ పెట్టెదే. దాన్ని వెనక్కి పంపేయండి.

నేను కొన్న పెట్టె పేరు ఇక్కడ రాయడం లేదు. లోపల అదే బోర్డు, అదే సాఫ్ట్‌వేర్ పెట్టి వేరే వేరే పేర్లతో అమ్మడం ఈ సరుకులో మామూలే. అందుకే పేరు గుర్తుపెట్టుకోవడం కన్నా లక్షణాలు పట్టుకోవడం మేలు. అట్ట మీద అన్ని విండోస్ వెర్షన్లలోనూ పనిచేస్తుందని రాసి ఉంది. రూటర్‌కి కేబుల్ పెట్టగానే లైట్లు వెలిగాయి. బ్రౌజర్‌లో దాని సెట్టింగ్స్ పేజీ చక్కగా తెరుచుకుంది, డిస్క్ ఆరోగ్యంగానే ఉందని చూపించింది. పింగ్ చేస్తే, అంటే నెట్‌వర్క్‌లో ఉందా అని కంప్యూటర్ నుంచి పలకరిస్తే, జవాబు వచ్చింది. కానీ ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో దాని అడ్రస్ కొట్టి ఎంటర్ నొక్కితే, ఈ షేర్‌కి (పంచుకున్న ఫోల్డర్‌కి) పాతబడిపోయిన ఎస్‌ఎంబీ1 ప్రోటోకాల్ కావాలి, అది సురక్షితం కాదు అని విండోస్ ఆపేసింది.

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను. "సర్, మీ కంప్యూటర్‌లో సెక్యూరిటీ ఎక్కువైంది, కాస్త తగ్గించండి" అన్నారు. ఆ మాట విన్నప్పుడే నాకు అనుమానం వచ్చింది. ముందు ఎస్‌ఎంబీ1 ఆన్ చేయమన్నారు. కుదరదంటే, బయటి కనెక్షన్లను అడ్డుకునే ఫైర్‌వాల్‌ని పూర్తిగా ఆపి చూడమన్నారు. తర్వాత పాస్‌వర్డ్ లేని గెస్ట్ లాగిన్‌ని అనుమతించమన్నారు. చివరికి, తమవాళ్లు బయటి నుంచి చూసి సరిచేస్తారట, రూటర్‌లో 445 పోర్టు (ఎస్‌ఎంబీ వాడే దారి) తెరిచిపెట్టమన్నారు. ఈ నాలుగిట్లో ఏదీ చేయకండి. చివరిది మాత్రం ఎవరు చెప్పినా, ఎంత నమ్మకంగా చెప్పినా చేయకండి.

ఎందుకో చెప్తాను. విండోస్‌లో ఫైళ్లు నెట్‌వర్క్ మీద పంచుకోవడానికి వాడే పద్ధతి పేరు ఎస్‌ఎంబీ. అందులో మొదటి తరం 1980ల నాటిది. రెండో తరం విండోస్ విస్టాతో వచ్చింది, మూడోది 2012లో విండోస్ 8తో వచ్చింది, ఇప్పుడు వాడుకలో ఉన్న 3.1.1 విండోస్ 10తో 2015లో వచ్చింది. అంటే ఎస్‌ఎంబీ1కి బదులుగా వాడుకోవడానికి మంచి దారి దొరికి ఎన్నో ఏళ్లయింది. 2017 మేలో వానాక్రై దాడి జరిగింది గుర్తుందా? 150 దేశాలకు పైగా కంప్యూటర్లలో ఫైళ్లకు తాళం పడింది, బ్రిటన్‌లో ఆస్పత్రుల పని ఆగిపోయింది. అది పాకింది విండోస్‌లోని ఎస్‌ఎంబీ1 లోపం మీదుగానే. ఎవరూ ఏ లింకూ నొక్కక్కర్లేకుండా, 445 పోర్టు గుండా ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కి దానంతటదే వెళ్లిపోయింది. ఆ లోపానికి మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చిలోనే ప్యాచ్ (లోపం సరిచేసే అప్‌డేట్) ఇచ్చింది, వేసుకోనివాళ్లు దెబ్బతిన్నారు. ఆ అక్టోబర్‌లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ నుంచి ఎస్‌ఎంబీ1ని మామూలుగా ఇన్‌స్టాల్ చేయడం మానేస్తూ వచ్చారు.

ఆ లోపానికి ప్యాచ్ ఉంది కదా, ఇంకేం భయం అని ఒకరు నన్ను అడిగారు. ప్యాచ్ ఆ ఒక్క రంధ్రానికే. ఎస్‌ఎంబీ1లో పంపే డేటాకు ఎన్‌క్రిప్షనే (మధ్యలో ఎవరూ చదవలేకుండా చేసే రక్షణ) లేదు, మధ్యలో ఎవరైనా దూరి మార్చకుండా తర్వాతి తరాల్లో పెట్టిన జాగ్రత్తలూ లేవు. ఇంకో సంగతి. పెట్టె లోపలి సాఫ్ట్‌వేర్ ఎస్‌ఎంబీ1 దగ్గరే ఆగిపోయిందంటే, దానిలోని మిగతా భాగాలు కూడా ఆ కాలానివే అయి ఉంటాయి. లాగిన్ పేజీ, రిమోట్ యాక్సెస్ కూడా అంతే. నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఇదే, ఎందుకంటే మన ఫోటోలన్నీ ఉండేది దాంట్లోనే.

ఊరికే భయపెట్టడానికి చెప్పడం లేదు. 2021 జూన్‌లో వెస్టర్న్ డిజిటల్ వాళ్ల మై బుక్ లైవ్ అనే నాస్ పరికరాలు ఇంటర్నెట్ మీదుగా దాడికి గురై ఫ్యాక్టరీ రీసెట్ అయిపోయాయి. ఎంతోమంది ఏళ్ల తరబడి దాచుకున్న డేటా తుడిచిపెట్టుకుపోయింది. వాటికి 2015 తర్వాత ఫర్మ్‌వేర్ (పెట్టె లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ రాలేదు. 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అనే రాన్సమ్‌వేర్ ఇంటర్నెట్‌కి తెరిచి ఉన్న క్యూనాప్ కంపెనీ పెట్టెల్లో ఫైళ్లను లాక్ చేసి డబ్బు అడిగింది. పెద్ద కంపెనీల పెట్టెలకే ఇలా జరిగినప్పుడు, అప్‌డేట్లే ఇవ్వని పెట్టెను 445 పోర్టు తెరిచి బయటికి పెట్టమనడం ఎంత ప్రమాదమో ఆలోచించండి.

అయితే కనెక్ట్ కాని ప్రతి పెట్టే చెడ్డది కాదు. ఈ తేడా తెలియక మంచి పెట్టెను కూడా రిటర్న్ చేసేవాళ్లు ఉన్నారు. అందుకే పెట్టె తప్పు కాని కారణాలేమైనా ఉన్నాయేమో ముందు చూసుకోండి.

నెట్‌వర్క్ జాబితాలో పెట్టె పేరు కనిపించకపోవడం పెద్ద విషయం కాదు. ఆ జాబితా నింపే పాత పద్ధతి ఎస్‌ఎంబీ1తో పాటే పోయింది. కొత్త పద్ధతి పెట్టెలో ఆన్ చేసి లేకపోతే పేరు కనిపించదు, కానీ ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దానికున్న అంకెల చిరునామా) నేరుగా కొడితే తెరుచుకుంటుంది. నిన్నటిదాకా పనిచేసి ఇవాళ ఎక్స్‌ప్లోరర్‌లో ఆ డ్రైవ్ మీద ఎర్ర గుర్తు వస్తుంటే, రూటర్ దానికి కొత్త ఐపీ ఇచ్చిందేమో చూడండి. రూటర్ సెట్టింగ్స్‌లో ఆ పెట్టెకు ఒకే అడ్రస్ రిజర్వ్ చేసేస్తే ఆ టెన్షన్ ఉండదు. కంప్యూటర్ గెస్ట్ వైఫైలో ఉంటే పెట్టె కనిపించదు, ఇంట్లోని మిగతా పరికరాలను చూడనివ్వకుండా ఉంచడానికే గెస్ట్ వైఫై పెడతారు. విండోస్‌లో మీ నెట్‌వర్క్ పబ్లిక్ అని ఉంటే ప్రైవేట్‌కి మార్చండి. ఫైర్‌వాల్ ఆపాల్సిన పని లేకుండానే చాలా సమస్యలు అక్కడితో తీరిపోతాయి.

పాస్‌వర్డ్ దగ్గర చాలామంది ఇరుక్కుంటారు. కంప్యూటర్ తెరవడానికి వాడే పిన్ ఇక్కడ పనిచేయదు. పెట్టె సెట్టింగ్స్‌లో మీరు సృష్టించిన యూజర్ పేరు, దాని పాస్‌వర్డ్ ఇవ్వాలి. ఒకసారి తప్పుగా సేవ్ అయితే విండోస్ మళ్లీ మళ్లీ అదే పంపుతుంది, కాబట్టి విండోస్ పాస్‌వర్డ్‌లు దాచే క్రెడెన్షియల్ మేనేజర్‌లోకి వెళ్లి ఆ ఎంట్రీ తీసేయండి. 1219 అనే ఎర్రర్ వస్తే, అదే పెట్టెకు ఇంకో యూజర్ పేరుతో అప్పటికే కనెక్షన్ ఉందని అర్థం. పాత కనెక్షన్లు తెంచి, కంప్యూటర్ రీస్టార్ట్ చేసి మళ్లీ ప్రయత్నించండి.

విండోస్ 11లో 24హెచ్2 అప్‌డేట్ వచ్చాక కూడా చాలామందికి ఉన్నట్టుండి కనెక్షన్ పోయింది. కారణం రెండు మార్పులు. ఒకటి, ప్రో లాంటి ఎడిషన్లలో, పంపే ప్రతి సందేశానికీ డిజిటల్ సంతకం ఉండాలని విండోస్ పట్టుబట్టడం మొదలుపెట్టింది. రెండోది, ప్రో ఎడిషన్‌లో పాస్‌వర్డ్ లేని గెస్ట్ లాగిన్‌ని ఆపేసింది. ఈ రెండిటికీ సంబంధం ఉంది. సంతకానికి వాడే కీ లాగిన్ పాస్‌వర్డ్ నుంచే తయారవుతుంది, గెస్ట్‌కి పాస్‌వర్డ్ ఉండదు కాబట్టి సంతకమూ ఉండదు. దీనికి మందు విండోస్ సెట్టింగ్ వెనక్కి తిప్పడం కాదు. పెట్టెలో ఒక యూజర్‌ని సృష్టించి, గట్టి పాస్‌వర్డ్ పెట్టి, సైనింగ్ (ఆ సంతకం పెట్టే) ఆప్షన్ ఉంటే ఆన్ చేయడం. మంచి పెట్టె అయితే అంతటితో దారికొస్తుంది.

ఇవన్నీ చూశాక కనెక్ట్ అయినా అనుమానంగా ఉంటే, పెట్టెలోని ఫోల్డర్ తెరిచి ఉంచి, విండోస్‌లో కమాండ్లు టైప్ చేసే పవర్‌షెల్‌ని అడ్మిన్‌గా తెరిచి Get-SmbConnection అనే కమాండ్ ఇవ్వండి. గెట్ తర్వాత చిన్న గీత పెట్టి, అదే స్పెల్లింగ్‌తో టైప్ చేయాలి. డయలెక్ట్ (ఎస్‌ఎంబీ వెర్షన్) అనే కాలమ్‌లో 3.1.1 లేదా 3.0 ఉంటే బాగున్నట్టే. 2తో మొదలయ్యే అంకె ఉంటే పాతదే, అయినా ఎస్‌ఎంబీ1 కాదు. 1.5 అని ఉంటే అది ఎస్‌ఎంబీ1. అలా వచ్చినా, అసలు కనెక్టే కాకపోయినా, ముందు పెట్టె సెట్టింగ్స్‌లో ఎస్‌ఎంబీ వెర్షన్ ఎంచుకునే చోటు ఉందేమో వెతకండి, కొన్నిట్లో కనీస వెర్షన్ 1కే పెట్టి అమ్ముతారు, దాన్ని 2కో 3కో మారిస్తే సరిపోతుంది. ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ఉంటే అదీ వేసి చూడండి. నేను కొన్నదానిలో ఆ ఆప్షన్ లేదు, అప్‌డేట్ పేజీ ఖాళీగా ఉంది. మీదీ అంతే అయితే ఆ విండోస్ మెసేజ్‌ని, ఆ ఖాళీ పేజీని స్క్రీన్‌షాట్ తీసి రిటర్న్ ఫారంకి జతచేయండి. కనెక్ట్ కావడం లేదు అని మాత్రమే రాస్తే మీ కంప్యూటర్ మీదికి నెట్టేస్తారు. ప్రస్తుత విండోస్‌లో పనిచేయడానికి కావలసిన ఎస్‌ఎంబీ2 గానీ 3 గానీ ఇందులో లేదు, అట్ట మీద రాసింది తప్పు అని రాయండి. నా రిటర్న్ ఆ వాక్యం రాశాకే కదిలింది.

ఇంకా కొననివాళ్లు ఆర్డర్ పెట్టేముందు రెండు సంగతులు వెతకండి. స్పెసిఫికేషన్లలో ఎస్‌ఎంబీ3 అని స్పష్టంగా ఉండాలి. ఉత్త ఎస్‌ఎంబీ అనో, సాంబా (పెట్టెల్లో ఎస్‌ఎంబీని నడిపే సాఫ్ట్‌వేర్) అనో ఉంటే ఏ వెర్షనో అమ్మేవాళ్లను రాతపూర్వకంగా అడగండి. కంపెనీ సైట్‌లో ఆ మోడల్‌కి చివరి ఫర్మ్‌వేర్ ఎప్పుడు వచ్చిందో చూడండి, అసలు డౌన్‌లోడ్ పేజీయే లేకపోతే దాని జోలికి వెళ్లకండి. కంపెనీ క్లౌడ్ అకౌంట్‌లో లాగిన్ అయితే తప్ప తెరుచుకోని పెట్టెలు కూడా నాకు నచ్చవు, వాళ్లు సర్వర్ ఆపేసిన రోజున మన ఫైళ్లు మనకే అందకుండా పోతాయి.

ఇప్పటికే అలాంటి పెట్టెలో డేటా వేసి, ఇప్పుడు తీయలేక ఉన్నవాళ్లు డిస్క్ ఊడదీసి కంప్యూటర్‌కి పెడదామనుకుంటారు. చాలా పెట్టెలు డిస్క్‌ని లినక్స్ పద్ధతిలో ఫార్మాట్ చేస్తాయి. అలాంటి డిస్క్ పెడితే విండోస్ దాన్ని చదవలేక ఫార్మాట్ చేయమంటారా అని అడుగుతుంది. పొరపాటున కూడా సరే అనకండి. ముందు పెట్టె వెబ్ పేజీలోనే ఫైళ్లు డౌన్‌లోడ్ చేసుకునే వీలుందేమో చూడండి. వేరే దారి లేకపోతేనే, ఈ ఒక్కసారికి ఎస్‌ఎంబీ1ని కాసేపు ఆన్ చేయాలి. ముందు రూటర్‌కి వచ్చే ఇంటర్నెట్ కేబుల్ పీకేసి, కంప్యూటర్, పెట్టె తప్ప మిగతా పరికరాలన్నీ నెట్‌వర్క్ నుంచి తీసేయండి. విండోస్ ఫీచర్స్ జాబితాలో ఎస్‌ఎంబీ 1.0 కింద క్లయింట్, సర్వర్, ఆటోమేటిక్ రిమూవల్ అని మూడు ఉంటాయి. క్లయింట్‌కి మాత్రమే టిక్ పెట్టండి, సర్వర్‌కి అవసరం లేదు. రీస్టార్ట్ చేసి, ఫైళ్లన్నీ వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకుని, కొన్నిటిని తెరిచి చూసుకోండి. ఆ తర్వాత టిక్ తీసేసి, మళ్లీ రీస్టార్ట్ చేశాకే ఇంటర్నెట్ కేబుల్ పెట్టండి. పెట్టెను వెనక్కి పంపేముందు దానిలో డిస్క్‌ని పూర్తిగా చెరిపేసే ఆప్షన్ ఉంటే వాడండి. ఉత్త ఫ్యాక్టరీ రీసెట్ కొన్ని పెట్టెల్లో సెట్టింగులనే తుడుస్తుంది, ఫైళ్లు అలాగే ఉండిపోతాయి.