లండనా, చెంగ్డూనా? ఆయుర్వేదం చదివిన పిల్లకి ఏది మేలు?

మా మేనకోడలు బీఏఎంఎస్ హౌస్ సర్జన్సీ ముగించి అమలాపురం వచ్చింది. వచ్చిన రోజు నుంచి ఇంట్లో ఒకటే చర్చ. "మామయ్యా, లండన్‌లో గ్లోబల్ హెల్త్ చదవనా? చైనా వెళ్లి వాళ్ల వైద్యం నేర్చుకోనా?" అంటుంది. వాళ్ల నాన్నది వేరే ప్రశ్న: ఏది చదివితే ఊళ్లో బోర్డు కట్టుకోవచ్చు?

ముందు బావగారి ప్రశ్న తేల్చేస్తాను. రెండూ కాదు. గ్లోబల్ హెల్త్ పీజీలో ఊళ్లకు ఊళ్ల ఆరోగ్యం చూడటం నేర్పుతారు గానీ, రోగికి మందు రాయడం నేర్పరు. చైనా వైద్యం మన ఆయుష్ పద్ధతుల్లో లేదు కాబట్టి ఆ డిగ్రీతో ఇక్కడ డాక్టరుగా రిజిస్టర్ కాలేరు. బోర్డుకి ఇప్పుడు చేతిలో ఉన్న బీఏఎంఎస్సే దిక్కు.

ఇక లండన్ సంగతి. అక్కడి ట్రాపికల్ మెడిసిన్ (వేడి దేశాల జబ్బుల వైద్యం) స్కూలు పేరు కోనసీమలో చాలామందికి తెలియదు గానీ, దాన్ని పెట్టించిన పాట్రిక్ మాన్సన్ వెంటపడిన జబ్బు మాత్రం అందరికీ తెలుసు: బోదకాలు. ఫైలేరియా పురుగు దోమ ఒంట్లో పెరుగుతుందని ఆయన 1877లో కనిపెట్టాడు. ఎక్కడనుకున్నారు? చైనాలోని అమోయ్ రేవులో! లండన్ స్కూలు 1899లో మొదలైంది. సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసిన రోనాల్డ్ రాస్‌కి దారి చూపిందీ ఆయనే. మా చిన్నప్పుడు ఫైలేరియా వాళ్లు రాత్రి భోజనాల వేళ దాటాక వచ్చి వేలు గుచ్చి రక్తం తీసేవారు. "పగలొస్తే ఏం పోయింది వీళ్లకి" అని మా నాయనమ్మ విసుక్కునేది. ఆ పురుగు పిల్లలు రక్తంలో తిరిగేది రాత్రిపూటే అని పాపం ఆవిడకేం తెలుసు.

ఫైలేరియా పోవాలని ఊరందరికీ డీఈసీ మాత్రలు పంచితే కొందరు చేత్తో పుచ్చుకుని గూట్లో పెట్టేస్తారు. "ఏ జబ్బూ లేని నాకెందుకు" అంటారు. వాళ్ల చేత మింగించడం ఎలా, మింగినవాళ్ల లెక్క సరిగ్గా పట్టడం ఎలా? గ్లోబల్ హెల్త్ అంటే చాలావరకు ఇదే. కోర్సు ఒక్క ఏడాదే. ఖర్చు మాట ఎత్తితే మాత్రం కొబ్బరితోట కళ్ల ముందు కదులుతుంది. కామన్వెల్త్ స్కాలర్‌షిప్పులున్నాయి, పోటీ గట్టిది.

చైనాకి వేరే బలం ఉంది. చెంగ్డూ, బీజింగ్‌లలో సంప్రదాయ వైద్య కాలేజీలు 1956లోనే పెట్టారు. అక్కడ ఒకే ఆస్పత్రిలో ఆక్యుపంక్చర్ సూదులు, కషాయాలు, స్కానింగు పక్కపక్కనే నడుస్తాయి. దాదాపు 1,700 ఏళ్ల నాటి వైద్య గ్రంథంలోని ఒక్క వాక్యం పట్టుకుని, మొక్కను మరిగించకుండా తక్కువ వేడిలో సారం తీసి మలేరియా మందు సాధించిన తూ యూయూకి 2015లో నోబెల్ వచ్చింది. ఆ మొక్క వినాయకచవితి పత్రిలో మనం పెట్టే మాచిపత్రికి దగ్గరి చుట్టమే. చైనా ప్రభుత్వ స్కాలర్‌షిప్ దొరికితే ఫీజు, హాస్టల్ బెంగ తీరుతుంది. తీరనిది భాష. పాఠాలు ఎక్కువగా చైనీస్‌లోనే, దానికోసమే ఓ ఏడాది పోతుంది. డిగ్రీ మొదటి నుంచీ చదివితే ఐదేళ్లు. ఐదున్నరేళ్లు ఇక్కడ చదివిన పిల్లకి మళ్లీ ఐదేళ్లా?

నా ఓటు లండన్‌కే. కారణం మా చేను గట్టు మీదే ఉంది: నేల ఉసిరి. పచ్చకామెర్లకి మజ్జిగలో నూరి ఇస్తాం. హెపటైటిస్-బి మీద అది బాగా పనిచేస్తోందని మద్రాసు పరిశోధకులు 1988లో ప్రకటిస్తే అందరికీ ఆశ పుట్టింది. తర్వాత వేరేచోట్ల చేసిన పరీక్షల్లో ఆ ఫలితం నిలవలేదు. కామెర్లు చాలావరకు వాటంతటవే తగ్గుతాయి, పేరు మాత్రం పసరుకి వస్తుంది. ఏది పసరు వల్ల తగ్గింది, ఏది దానంతటదే తగ్గింది అని విడదీసే లెక్క మా పిల్లకి ఇంకా రాదు. మూలికలు వచ్చు. ఉన్న సంప్రదాయం పక్కన ఇంకోటి చేర్చుకోవడం కంటే రానిది నేర్చుకోవడం మేలు కదా. అదే ఫార్మసీ చదివి, మొక్కలోంచి మందు తీయాలని ల్యాబ్‌లో కూర్చునే ఓపికున్న పిల్లాడైతే చైనాకే పొమ్మంటాను.

టెన్షన్ పడుతూనే ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లీషు పరీక్ష పుస్తకం తెచ్చుకుంది. ఫోన్లో చైనీస్ నేర్పే యాప్ మాత్రం ఇంకా తీసెయ్యలేదు.