ముందు బటన్ టైరు, వెనక తారు టైరు: రాయగడ, కొరాపుట్ దారుల్లో 39 వేల కిలోమీటర్లు

నేను ఒడిశాలోని రాయగడలో ఉంటాను. సెల్ టవర్ల బ్యాటరీలు, జనరేటర్లు చూసుకోవడం నా పని కాబట్టి వారంలో ఐదు రోజులు బండి మీదే. బండి రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411, 2020లో వచ్చిన బీఎస్6 మోడల్. ముందు చక్రం 90/90-21, వెనక చక్రం 120/90-17 (చివరి అంకె రిమ్ము అంగుళాలు), రెండూ ట్యూబు టైర్లే. మీటరు ఇప్పుడు 61 వేలు దాటింది. అందులో చివరి 39 వేలు ఒకే పద్ధతిలో తిప్పాను: ముందు ఎడం ఎడంగా బటన్లు, అంటే ఎత్తు రబ్బరు దిమ్మలు, ఉన్న టైరు, వెనక గడులు దగ్గర దగ్గరగా ఉన్న తారు రోడ్డు టైరు.

నా తిరుగుడులో నూటికి 70 వంతులు తారే. కొరాపుట్ వెళ్ళే 326 నంబరు హైవే, సాలూరు వైపు దిగే సుంకి ఘాటు, ఇటు పార్వతీపురం. మిగతా 30 వంతులు కల్యాణసింగ్‌పూర్, బిస్సంకటక్ వైపు లోపలి ఊళ్ళు, టవరు దగ్గరికి కొండెక్కే చివరి మూడు నాలుగు కిలోమీటర్లు. పని ఆగేదీ, బండి పడేదీ ఆ 30 దగ్గరే. అందుకే మొదట్లో నేనూ అందరిలాగే ఆలోచించాను. 14 వేల దగ్గర కంపెనీ టైర్లు అరిగిపోగానే రెండు చక్రాలకీ బటన్లే వేయించాను.

మట్టి దారిలో ఆ జతకి వంక పెట్టలేను. తారు మీదే కష్టం. ఒక జూలైలో సుంకి ఘాటు దిగుతున్నాను, వాన సన్నగా పడుతోంది. హెయిర్‌పిన్ వంపులో మూడో గేరు నుంచి రెండోకి వేసి క్లచ్ వదిలాను. వెనక చక్రం ఒక్కసారి పక్కకి జరిగింది. బ్రేకు తొక్కలేదు, వేగం 30 కూడా లేదు. తడిసిన తారు మీద ఆనేది బటన్ల తలలు మాత్రమే; గేరు తగ్గించగానే ఇంజను చక్రాన్ని వెనక్కి పట్టే ఆ పట్టు కూడా ఆ కాస్త రబ్బరుకి ఎక్కువైపోయింది. ఎదురుగా లారీ లేదు కాబట్టి సర్దుకున్నాను. ఆ వెనక టైరు 8 వేలకే అయిపోయింది. నడుమ బటన్లు బల్లలా చదునై వంపులో బండి వాలడానికే మొరాయించేది.

అప్పటికి ముందు టైరులో ఇంకా బతుకుంది. వెనక్కి అలాంటిదే కావాలంటే ఆర్డరు పెట్టి పది రోజులు ఆగాలన్నారు. టవరు ఆగదు కదా, దొరికిన తారు టైరు వేయించేశాను. నాకెప్పుడూ పంచర్లు వేసే ముసలాయన అది బిగిస్తూ అన్న మాట: "మంచిదేలే బాబూ. వెనక చక్రం జారితే బండి ఆడతాది, ముందు చక్రం జారితే మనిషి పడతాడు." ఆ వారమే కొండ మీద ఆ మాట నిజమని తెలిసింది. వెనక చక్రం అటూ ఇటూ తోక ఊపింది. హ్యాండిల్ మాత్రం నేను చూపించిన వైపే వెళ్ళింది.

అయితే కంకర అంటే ఒకటే కంకర కాదు. ఈ కొండల రాయికి ఖోండలైట్ అని పేరు, ఇక్కడి కోంధు జనం పేరు మీద పెట్టిందే. అది ఎండకీ వానకీ చివికి ఎర్రమట్టి, మొరం అవుతుంది. ఎండిన మొరం దారి చాలా మర్యాదైనది, ఏ టైరయినా పోతుంది. అదే మొరం వానలో సబ్బులా మారుతుంది. అప్పుడు బటన్ల మధ్య ఎడం కావాలి, తిరుగుతుంటే మట్టి విదిలిపోవాలి. నా వెనక టైరు ఇక్కడ తేలిపోతుంది. గాడుల్లో మట్టి నిండి నున్నటి రోలరవుతుంది. ఆగస్టులో రెండు టవర్లకి బండి కింద వదిలి నడిచే వెళ్తాను.

రోడ్డు వేస్తామని కంకర పరిచి, రోలరు తిప్పి, తారు పోయకుండా వదిలేసిన దారి ఇంకో రకం. దాని పదును టైరు పక్క గోడ మీద పడుతుంది. ఇక్కడ బటన్ల కంటే టైరు గట్టితనం ముఖ్యం.

అన్నిటికంటే మోసం చేసేది దిమ్మిస కొట్టినట్టు గట్టిపడిన నేల, దాని మీద శనగగింజలంత రాళ్ళు. బటన్ దిగబడటానికి మెత్తదనమే ఉండదు. రాళ్ళు గోళీల్లా దొర్లుతాయి. ఎంత ఖరీదు పెట్టి బటన్లు కొన్నా ఇక్కడ తేడా కొంచెమే, కాపాడేది గాలి. తారు మీద ముందు 25, వెనక 32 పీఎస్‌ఐ ఉంచుతాను. కొండ మొదట్లో ఆగి ముందు 20కి, వెనక 25కి దించుతాను. టైరు కాస్త పరుచుకుని రాళ్ళని ఒడిసి పట్టుకుంటుంది. ఇంకా దించితే రిమ్ముకీ రాయికీ మధ్య ట్యూబు నలిగి పాము కాటులా రెండు కన్నాలు పడతాయి, ఒకసారి పడ్డాయి కూడా. తారెక్కగానే మళ్ళీ గాలి కొట్టాలి, దానికి చిన్న పంపు సీటు కిందే ఉంటుంది. బ్రేకు పడితే చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్‌ని వెనక చక్రానికి ఆపే స్విచ్ ఈ మోడల్లో ఉంది. కొండ దిగేటప్పుడు నేను వాడతాను.

కంపెనీ పేర్లు కావాలనే రాయడం లేదు. ఒకే కంపెనీ రెండు రకాలూ చేస్తుంది. కొనేటప్పుడు చూడాల్సింది టైరు మీది గడుల నమూనా. ముందు టైరులో నడుమ వరుస బటన్లు కింద సన్నటి రబ్బరు కట్టతో ఒకదానికొకటి కలిసి ఉన్నవే తీసుకుంటాను. బ్రేకు పట్టినప్పుడు అవి మెలి తిరగవు. అయినా తడి తారు మీద ఈ ముందు టైరు మామూలు టైరంత గట్టిగా ఆగదు. బ్రేకు మెల్లగా పిండుతూ పట్టాలి, ముందు బండికి ఎడం ఎక్కువ ఇవ్వాలి. 60 దాటితే ఈగ ముసిరినట్టు మోత ఉంటుంది. 5 వేల తర్వాత బటన్లు ఏటవాలుగా అరుగుతాయి. అరచేత్తో ఒకవైపు నిమిరితే నున్నగా, ఎదురు నిమిరితే రంపంలా తగులుతుంది. అక్కణ్ణుంచి మోత పెరుగుతుంది, పట్టు మాత్రం ఇంకా చాలాకాలం ఉంటుంది.

లెక్క ఇదీ: వెనక టైరు 15, 16 వేల కిలోమీటర్లు వస్తోంది. ముందుది 12 నుంచి 13 వేలు. రెండు చక్రాలకీ బటన్లున్నప్పటితో చూస్తే వెనక టైరు ఖర్చు సగానికి దగ్గరగా తగ్గింది.

ఒక షాపులో నాకు కొత్తదని అమ్మిన టైరు తయారై మూడేళ్ళు దాటింది. ఇంటికొచ్చి చూస్తే గానీ తెలియలేదు. పక్క గోడ మీద కోడిగుడ్డు ఆకారపు గడిలో నాలుగంకెలుంటాయి. 2322 అంటే 2022లో 23వ వారం. డబ్బివ్వకముందే టార్చి వేసి చదవండి. తిరిగే దిక్కు చూపే బాణం గుర్తు కూడా బిగించే అబ్బాయికి మీరే చూపించండి.

21 అంగుళాల ట్యూబు చిన్న ఊళ్ళలో దొరకదు. ఒకటి ఎప్పుడూ నా సంచిలో ఉంటుంది. మరీ అవసరమైతే దాన్నే వెనక టైరులో పెట్టి మెల్లగా ఇల్లు చేరొచ్చు, వెనక ట్యూబు ముందుకి సరిపోదు.

మీ దారిలో మట్టి సగం దాటితే నా జత మీకు పనికిరాదు, రెండూ బటన్లే వేసుకోండి. పదికి తొమ్మిది వంతులు తారే అయితే బటన్ల జోలికే పోవద్దు. ఇప్పుడు నా బండికి ముందు టైరు నాలుగోది, 8,500 దగ్గర ఉంది. ఇంకో 4 వేలు వస్తుంది గానీ, వానల్లో సుంకి దిగాలి కాబట్టి జూన్‌కి ముందే మార్చేస్తున్నాను.