శనివారం తోరా క్లాసు: ఆరేళ్లు వెళ్లాక నా సమీక్ష

యూదుల ధర్మగ్రంథం తోరా చదివే ఈ క్లాసులో, మొదటి రోజు బ్యాగులోంచి నోట్‌బుక్కు, పెన్ను తీసి బల్ల మీద పెట్టుకున్నాను. పక్కన కూర్చున్న మా ఎదురింటి మామ్మగారు ఏమీ అనకుండా నా చేతి మీద చెయ్యి వేసి, పెన్నుకి మూత పెట్టేశారు. షబ్బాత్ అంటే యూదుల విశ్రాంతి రోజు, ఆ రోజు రాయకూడదు. శుక్రవారం పొద్దు గుంకినప్పటి నుంచి శనివారం రాత్రి చుక్కలు పొడిచేదాకా రాయడం, వండడం, డబ్బు ముట్టుకోవడం ఏవీ ఉండవు. విన్నది గుర్తుపెట్టుకోవాల్సిందే. ఆ రాత్రి ఇంట్లో రాసుకుందామని కూర్చుంటే విన్నదాంట్లో సగమే గుర్తొచ్చింది. ఇప్పుడు ముప్పావు వంతు గుర్తుంటోంది.

ఇది 2019 అక్టోబరు మాట. మేం ఉండేది న్యూజెర్సీలో. మామ్మగారు రిటైరైన స్కూల్ టీచర్. మా అత్తగారు వచ్చినప్పుడు ఆవిడతో భాష రాకుండానే గంటలు గంటలు కూర్చునేవారు. అలా కలిసిన పరిచయం. మీ సినగాగ్‌లో (యూదుల ప్రార్థనామందిరంలో) ఏం చదువుతారని అడిగితే, వచ్చి చూడమన్నారు. ఆరేళ్లుగా చూస్తూనే ఉన్నాను. ఈ మధ్య మన తెలుగువాళ్లే ఇద్దరు ముగ్గురు, మనం వెళ్లొచ్చా, రానిస్తారా అని అడిగారు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

రానిస్తారు. కాకపోతే ముందు ఫోన్ చేసి వెళ్లండి. నేను మొదలుపెట్టిన నాటికి, పిట్స్‌బర్గ్ సినగాగ్‌లో ఒకడు కాల్పులు జరిపి 11 మందిని చంపి సరిగ్గా ఏడాది. 2018 అక్టోబరు 27న అది జరిగిన దగ్గర్నుంచి మా సినగాగ్ గుమ్మం దగ్గర గార్డు ఉంటాడు, బ్యాగు తెరిచి చూస్తాడు. రెండోసారి ఒంటరిగా వెళ్తే నన్ను పది నిమిషాలు బయటే నిలబెట్టారు. ఎవరి గెస్టు, ఎందుకొచ్చావ్ అని అడిగారు. మనసు చివుక్కుమంది. గార్డుని తప్పు పట్టను కానీ, కొత్తవాళ్లు వస్తున్నారని గుమ్మం దగ్గర చెప్పి ఉంచాల్సింది లోపలివాళ్లే. అది ఇప్పటికీ సరిగ్గా జరగడం లేదు.

క్లాసు ఎనిమిదిన్నరకి మొదలై గంటసేపు. ఆ తర్వాత ప్రార్థన. తోరా అంటే మోషే ఐదు కాండాలు, దాన్ని 54 భాగాలు చేసి ఏడాది పొడుగునా చదువుతారు. సింహాత్ తోరా పండగ రోజు ద్వితీయోపదేశకాండం ఆఖరి మాటలు చదివి, ఆపకుండా అక్కడికక్కడే ఆదికాండం మొదటి మాటలు ఎత్తుకుంటారు. చేరాలనుకుంటే ఆ పండగ అయిన వారమే చేరండి. నడిమధ్యన లేవీయకాండంలో బలుల వివరాల దగ్గర దిగితే చాలామంది నిలబడలేరు.

మేం చదివే పుస్తకం ఎట్జ్ హయీమ్ అనే ప్రతి, 2001లో వచ్చింది. కుడి నుంచి ఎడమకి తెరవాలి. హీబ్రూ, ఇంగ్లీషు పక్కపక్కన, కింద వ్యాఖ్యానం. పదిహేను వందల పేజీలు దాటిన పుస్తకం, ఒళ్లో పెట్టుకుంటే కాళ్లు తిమ్మిరెక్కుతాయి. ఇంట్లో చదువుకోడానికి సెఫారియా యాప్ వాడతాను. ఉచితం, యూదు గురువుల చర్చలన్నీ కూర్చిన తాల్ముడ్ అనే గ్రంథం సహా దాదాపు అన్నీ ఉంటాయి. ఒక వాక్యం మీద వేలు పెడితే దాని మీద ఎవరెవరు ఏం రాశారో వరసగా వస్తుంది. శుక్రవారం మధ్యాహ్నం అందులో చూసుకుని వెళ్తాను, శనివారం ఫోన్ తియ్యం కాబట్టి. అయితే యాప్ ఒక్కదాంతో చదివిన రోజులూ ఉన్నాయి. ఆ రోజుల్లో చదివింది ఏదీ నిలవలేదు.

ఎందుకంటే ఇక్కడ చదువు అంటే జోడీ చదువు. హవ్రూతా అంటారు. ఒకరు పైకి చదవాలి, ఇంకొకరు అడ్డుపడి ప్రశ్న వెయ్యాలి. నా జోడీ మామ్మగారే. ఒక జూలైలో సంఖ్యాకాండంలోని పినహాస్ అనే భాగం వచ్చింది. సెలోపెహాదు అనే ఆయనకి కొడుకుల్లేరు, ఐదుగురు కూతుళ్లు: మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా. భూములు పంచబోతుంటే ఐదుగురూ మోషే ముందుకొచ్చి, కొడుకు లేడని మా నాన్న పేరు తుడిచేస్తారా, మాకూ వాటా ఇవ్వండి అని నిలబడ్డారు. మోషే తేల్చలేక దేవుణ్ని అడిగాడు. వాళ్లు చెప్పింది సబబే, ఇవ్వమన్నాడు దేవుడు. 1040లో ఫ్రాన్స్‌లో పుట్టిన రాషీ అనే వ్యాఖ్యాత ఇక్కడ రాసిన మాట: మోషే కంటికి ఆననిది వీళ్ల కంటికి ఆనింది.

మామ్మగారు అది చదివి, మీ వైపు ఆడపిల్లల సంగతేంటి అన్నారు. ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన చట్టం చెప్పాను. ఉమ్మడి ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమానంగా హక్కిస్తూ 1986లో చట్టం చేశారు, 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించింది. కానీ ఆ తేదీకి ముందే పెళ్లైపోయిన కూతుళ్లకి వర్తించలేదు. మా అమ్మ పెళ్లి 1983లో, పిన్ని పెళ్లి 1987లో. ఒకే కడుపున పుట్టిన అక్కచెల్లెళ్లు, చెల్లికి హక్కు, అక్కకి లేదు. దేశమంతటికీ 2005లో చట్టం మారేదాకా అంతే. అమ్మ ఎప్పుడూ దీని గురించి గట్టిగా మాట్లాడలేదు. ఆ రోజు ఆ బల్ల దగ్గర నేను మాట్లాడాను.

అప్పుడు మామ్మగారు సంఖ్యాకాండం చివరి అధ్యాయం తీశారు. అక్కడ గోత్రపెద్దలు ఫిర్యాదు చేస్తారు. ఈ పిల్లలు వేరే గోత్రంవాళ్లని చేసుకుంటే భూమి పోతుందంటారు. సరే, సొంత గోత్రంలోనే చేసుకోవాలని తీర్పు వచ్చింది. (మన బైబిల్ అనువాదంలో గోత్రం అనే ఉంది. మనకేమో గోత్రం దాటి చేసుకోవాలి.) ఇచ్చిన హక్కులో సగం వెనక్కి లాక్కున్నారని మామ్మగారు. ఆ కాలంలో అంత ఇవ్వడమే గొప్ప అని ఎదురుగా కూర్చున్న పెద్దాయన. నేను పెళ్లి తేదీ, పెళ్లి సంబంధం రెండూ ఒకే రకం అడ్డుగోడలన్నాను. క్లాసు చెప్పే మతగురువు రబ్బీగారు ముగ్గురి మాటా విని, ఎవరిది రైటో చెప్పకుండానే క్లాసు ముగించారు.

మొదట్లో దానికి చిరాకు పడేదాన్ని. జవాబు చెప్పని టీచర్ ఏం టీచర్ అనిపించేది. తర్వాత తాల్ముడ్ కొంచెం చదివితే అర్థమైంది. అందులో షమ్మాయి అనే గురువు వర్గం వాదన చాలాచోట్ల నెగ్గలేదు, అయినా పేరుతో సహా అలాగే ఉంచారు. నెగ్గినవాళ్ల మాటే మిగిలే పుస్తకం కాదది.

లోపాలు లేకపోలేదు. హీబ్రూ రానివాళ్లకి కష్టం. మొదటి నుంచి నేర్పే క్లాసు పెట్టి, జనం రాలేదని మూడు వారాలకే ఆపేశారు. రబ్బీగారు ఊళ్లో లేనప్పుడు వచ్చే బయటి ఆయన హీబ్రూ వాక్యాలు తర్జుమా లేకుండానే చదువుకుపోయేవారు. రెండు నెలలు మానేశాను కూడా. కోవిడ్‌లో, 2020 మార్చి నుంచి, క్లాసు గురువారం సాయంత్రం జూమ్‌కి మారింది. నోట్సు రాసుకోగలిగాను, కానీ జోడీ లేదు.

తిండి సంగతి ముందే తెలుసుకోండి. ప్రార్థన అయ్యాక అందరూ కలిసి తింటారు. నేను పులిహోర చేసి పట్టుకెళ్తే బల్ల మీద పెట్టలేదు. కోషర్ వంటింట్లో, అంటే యూదుల ఆహార నియమాల ప్రకారం నడిచే వంటింట్లో, వండనిది అక్కడ పెట్టరు. బాధపడ్డాను. మరుసటి నెల మామ్మగారే నన్ను శుక్రవారం పొద్దున్నే సినగాగ్ వంటింటికి తీసుకెళ్లారు. వాళ్ల గిన్నెల్లోనే అన్నం వండి, చింతపండు పులుసు కలిపి, తాలింపు పెట్టాను. మర్నాటికి పులుపు బాగా పట్టింది. షబ్బాత్‌కి వేడి చేయక్కర్లేని వంట కదా, ఇప్పుడు నెలకోసారి నాదే వంతు.

మతం మార్చుకుంటున్నావా అని తెనాలి నుంచి నాన్న రెండుసార్లు అడిగారు. ఇక్కడ ఎవరూ మారమనరు, మారతామన్నా వెంటనే ఒప్పుకోరు. మా తెనాలికి దగ్గర్లోనే, చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో, తెలుగు మాట్లాడుతూ యూదులుగా బతికే బెనె ఎఫ్రాయీమ్ కుటుంబాలు ఉన్నాయని నాకు ఇక్కడే తెలిసింది. నాన్నకి నేనే చెప్పాల్సి వచ్చింది.

చదువులో నాకు పూర్తి వాటా ఇచ్చారు. ప్రార్థనలో లెక్కకి రాను. అది మొన్న ఫిబ్రవరిలో బాగా తెలిసింది. మామ్మగారి భర్త ఏటి దినం, పొద్దున ఏడు గంటలు, బయట మోకాళ్లలోతు మంచు. పోయినవాళ్ల కోసం చదివే కద్దీష్ అనే ప్రార్థనకి పదిమంది యూదులు ఉండాలి. తొమ్మిదిమందే వచ్చారు. పదో మనిషిని నేనే, కానీ నేను కుదరను. ఎవరూ నావైపు ఇబ్బందిగా చూడలేదు, నాకూ అడగాలనిపించలేదు. అది వారపు రోజు కాబట్టి ఫోన్ వాడొచ్చు. మామ్మగారు తన అడ్రసుల పుస్తకం నా చేతికిచ్చారు. వరసగా ఫోన్లు చేశాను. ఏడో నంబరు ఆయన ఎత్తారు. పన్నెండు నిమిషాల తర్వాత, బూట్ల మీద మంచుతో లోపలికొచ్చారు. మామ్మగారు లేచి నిలబడ్డారు.