నల్లకుంటలో ఒక ముసలి లాప్‌టాప్, దాదాపు నాలుగేళ్ల లైనక్స్

2012లో కొన్న లాప్‌టాప్ ఇది. రెండో తరం ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 500 జీబీ తిరిగే హార్డ్‌డిస్క్. దానితో వచ్చిన విండోస్ 7కు 2020 జనవరి 14తో మద్దతు ఆగిపోయింది. 2021 చివరికొచ్చేసరికి, పొద్దున స్విచ్ నొక్కి, పాలు కాచి, కాఫీ కలుపుకుని వచ్చినా తెర ఇంకా సిద్ధమయ్యేది కాదు. "పాతసామాన్ల బండికి ఇచ్చేయి బాబాయ్" అన్నాడు మా అన్నయ్య కొడుకు. నల్లకుంటలో మా వీధికి ఆ బండి రోజూ వస్తుంది. పంతానికి పోయి ఇవ్వలేదు.

2022 జనవరిలో విండోస్ తీసేసి, ఉచితంగా దొరికే లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఒక రకమైన ఎంఎక్స్ లైనక్స్ 21 ఎక్కించాను. డెబియన్ 11 అనే మరో లైనక్స్ మీద కట్టిన సిస్టమ్, డెస్క్‌టాప్ ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికపాటిది. ముందు రెండు రోజులు పెన్‌డ్రైవ్ నుంచే నడిపి, వైఫై, స్పీకర్లు పలుకుతున్నాయని చూసుకున్నాకే డిస్కు జోలికి వెళ్లాను.

ఖాళీగా ఉన్నప్పుడు నా యంత్రంలో ఇది 500 ఎంబీ ర్యామ్‌కు అటూఇటూగా తీసుకుంటుంది. ఆ అంకె చూసి మురిసిపోయాను కానీ, సిస్టమ్ తేలికైనంత మాత్రాన బ్రౌజర్ తేలిక కాదు కదా! మెయిలు, బ్యాంకు, రెండు దినపత్రికలు తెరిచేసరికి మౌస్ బాణం ఉన్నచోటే బిగుసుకుపోయేది. డిస్కు లైటు ఆరకుండా వెలిగేది. ర్యామ్ నిండిపోయి, మిగిలిన బరువును సిస్టమ్ డిస్కు మీదకు నెడుతోందన్నమాట.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ దుకాణాలుండే సీటీసీకి వెళ్లి 240 జీబీ ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్కు), ఇంకో 4 జీబీ ర్యామ్ తెచ్చాను. ర్యామ్ ఎంత నొక్కినా స్లాట్‌లో కూర్చోలేదు. వెలుతురులో పక్కపక్కన పెట్టి చూస్తే గాటు వేరే చోట ఉంది. నాకు కావలసింది డీడీఆర్3 రకం ర్యామ్, దుకాణదారు ఇచ్చింది దాని తర్వాతి తరం డీడీఆర్4. మర్నాడు మళ్లీ బస్సెక్కాను. అవి రెండూ పడ్డాక పాస్‌వర్డ్ అడగడానికి అర నిమిషం చాలుతోంది. ఈ వేగంలో సగానికి పైగా ఘనత లైనక్స్‌ది కాదు, ఎస్‌ఎస్‌డీది. ఎవరైనా అడిగితే ముందు అదే కొనమంటాను.

యూట్యూబ్‌తో కొంత అవస్థ ఉంది. అది వీపీ9 అనే పద్ధతిలో కుదించి పంపే వీడియోను విప్పే ఏర్పాటు ఈ పాత చిప్‌లో లేదు. భారమంతా ప్రాసెసర్ మీద పడి ఫ్యాను హోరెత్తుతుంది. ఈ చిప్ విప్పగలిగే పాత పద్ధతి హెచ్.264లోనే వీడియో తెచ్చే పొడిగింపు (ఎక్స్‌టెన్షన్) ఒకటి బ్రౌజర్‌లో పెట్టుకుని 480పీ నాణ్యత దగ్గర సరిపెట్టుకుంటున్నాను.

నేను చేసేది ప్రూఫులు దిద్దే పని కాబట్టి అసలు పరీక్ష తెలుగుతోనే. డీటీపీ రోజుల్లో నా వేళ్లకు పట్టింది ఆపిల్ అనే తెలుగు కీబోర్డు అమరిక. లైనక్స్‌లో ఇతర భాషలు టైపు చేయించే ఐబస్‌కు, కీబోర్డు అమరికలుండే ఎం17ఎన్ ప్యాకేజీ జోడించి చూస్తే ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్‌ల పక్కనే ఆపిల్ అమరిక కూడా కనిపించింది! ఆ రోజు కలిగిన సంతోషం ఎస్‌ఎస్‌డీ కూడా ఇవ్వలేదు. పోతన, వేమన ఫాంట్లు డెబియన్ సాఫ్ట్‌వేర్ భాండాగారంలోనే దొరికాయి. అయితే ప్రెస్సు నుంచి విండోస్‌లో నడిచే పాత పేజీల సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కట్టిన ఫైలు వస్తే మాత్రం ఇక్కడ చేసేదేమీ లేదు. పీడీఎఫ్ పంపమని బతిమాలుకోవాలి. రోజంతా ఆ ఫైళ్లతోనే పని ఉన్నవాళ్లు దీని జోలికి రాకపోవడమే మంచిది.

2023లో డెబియన్ 12 మీద వచ్చిన ఎంఎక్స్ 23కి మారాను. మన ఫైళ్లుండే హోం ఫోల్డర్‌ను ముట్టకుండా మిగతాది కొత్తగా వేసుకునే వీలు ఇన్‌స్టాలర్‌లోనే ఉంది. ప్రింటర్‌ను మాత్రం మళ్లీ మొదటినుంచి పరిచయం చేయాల్సి వచ్చింది. మూత వేసి నిద్రపుచ్చితే, లేచాక ఒక్కోసారి వైఫై రాదు. దాని మూలం ఇప్పటికీ పట్టుకోలేకపోయాను. అందుకని పని కాగానే ఆపేస్తాను. బ్యాటరీ ఎప్పుడో పోయింది, కరెంటు పోతే యంత్రమూ పోతుంది. ప్రతి పేరాకూ కంట్రోల్-ఎస్ నొక్కడం అలవాటైంది.

ఈ మధ్య తెర ఎడమ కీలు విరిగింది. ప్రస్తుతానికి వెనకాల నిఘంటువు ఆనించి నిలబెట్టాను. కీలు కోసం మళ్లీ సీటీసీకి వెళ్లాలి.